రంగాపూర్ గుట్ట మీద చదువుకున్న భౌతికశాస్త్రం

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర విభాగం 1959లో ఏర్పడింది. 1964లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దానిని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. డెబ్బయ్యో దశకం చివర నేను ఎమ్మెస్సీ విద్యార్థిగా చేరేనాటికి ఆ విభాగం చేతిలో నక్షత్రాలను పరిశీలించే రెండు వేధశాలలు ఉన్నాయి. ఒకటి నవాబ్ జఫర్ జంగ్ 1901లో ప్రారంభించగా తరువాత బేగంపేటకు తరలిన నిజామియా వేధశాల. రెండవది ఇబ్రహీంపట్నం దాటి వెళితే జపాల, రంగాపూర్ గ్రామాల మధ్య ఉన్న గుట్ట మీద, 1968లో 48 అంగుళాల దూరదర్శినితో పని మొదలుపెట్టిన వేధశాల. తమిళనాడులోని కావలూరులో 1986లో 2.34 మీటర్ల దూరదర్శిని వచ్చేదాకా దేశంలో అంతకంటె పెద్దది లేదు. అటువంటి పరికరాన్ని మా వంటి విద్యార్థుల చేతికి ఇచ్చిన విభాగానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

నక్షత్ర భౌతికశాస్త్రం, సాపేక్షతా సిద్ధాంతం, ఘనస్థితి సిద్ధాంతం, అణు (మాలిక్యూల్) వర్ణపటశాస్త్రం మా పాఠ్యప్రణాళికలో వేరు వేరు శీర్షికల కింద ఉండేవి. అయితే ఆ ప్రాంగణంలో చదివిన వారికి అవి వేరు వేరుగా కనిపించేవి కావని నా నమ్మకం. కాంతిని కొలిచి, ఆ కొలతలో ఎంత పొరపాటు ఉండవచ్చునో చెప్పగలగడం నాలుగింటికీ పునాది. ఆ పునాది నాకు రంగాపూర్‌లో పడింది.

అక్కడ ప్రధానంగా జరిగింది గ్రహణ జంట నక్షత్రాల అధ్యయనం. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ మన చూపుకు అడ్డంగా వచ్చినప్పుడు వాటి మొత్తం వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కాలంతో పాటు గీసిన ప్రకాశ వక్రం నుంచి నక్షత్రాల పరిమాణాల నిష్పత్తి, కక్ష్య వాలు తెలుస్తాయి. వర్ణపటంలో, అంటే రంగులుగా విడదీసిన కాంతిలో, కొలిచిన వేగాలు కూడా చేరితే ద్రవ్యరాశులు సైతం తెలుస్తాయి. నక్షత్రాన్ని తూచడానికి మనకున్న నమ్మకమైన మార్గాలలో ఇది మొదటి వరుసలోనిది. చెప్పడం తేలిక. కానీ ఒక్క బిందువును వక్రం మీద పెట్టడానికి ముందుగా వెలుగు మారని ఒక పోలిక నక్షత్రాన్ని, తరువాత మన నక్షత్రాన్ని, ఆ పక్కనే ఉన్న ఖాళీ ఆకాశాన్ని, మళ్లీ పోలిక నక్షత్రాన్ని అతినీలలోహిత, నీల, పసుపు ఫిల్టర్లతో వరుసగా చూడాలి. మసక వెలుగును విద్యుత్తుగా మార్చి పెంచే ఫోటోమల్టిప్లయర్ గొట్టం నుంచి వచ్చే విద్యుత్ప్రవాహాన్ని చార్టు కాగితం మీద కలం గీస్తూ పోతుంది. తెల్లవారిన తరువాత ఆ గీతల ఎత్తులను స్కేలుతో చదివి, నక్షత్రం దిగంతానికి దగ్గరయ్యే కొద్దీ గాలి పొర మింగివేసిన వెలుగును లెక్కగట్టి తిరిగి కలపాలి. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నందువల్ల కాంతి మనకు ఎనిమిది నిమిషాల దాకా ముందో వెనుకో చేరుతుంది గనుక, సమయాన్ని కూడా సూర్యుని స్థానానికి సవరించాలి. ఈ సవరణ అర్థమైన నాడు, పుస్తకంలో సంఖ్యగా మాత్రమే చదివిన కాంతివేగం నాకు నిత్యవ్యవహారంలోని విషయం అయింది.

ఆ సవరణ వెనుక ఉన్న సూత్రమే మా విభాగానికి గర్వకారణమైన ఒక ఫలితాన్ని ఇచ్చింది. సిరియస్ అనే మృగవ్యాధ నక్షత్రానికి దగ్గరలో ఆర్ కేనిస్ మేజరిస్ అనే జంట నక్షత్రం ఉంది. దాని గ్రహణాలు 1.136 రోజులకు ఒకసారి వస్తాయి. 1887 నుంచి పరిశీలనలో ఉన్న ఈ తార గ్రహణ సమయాలు లెక్కకు కచ్చితంగా సరిపోక, దశాబ్దాల తరబడి ముందుకు వెనుకకు జరుగుతూ వచ్చాయి. రాధాకృష్ణన్, శర్మ, అభ్యంకర్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి కారణం కంటికి కనిపించని మూడవ నక్షత్రమని ప్రతిపాదించారు. ఆ మూడవదాని ఆకర్షణ వల్ల జంట మొత్తం ఒకప్పుడు మనకు దగ్గరగా, ఒకప్పుడు దూరంగా జరుగుతుంది. ఆ మేరకు గ్రహణ వార్త మనకు తొందరగానో ఆలస్యంగానో అందుతుంది. దీని గురించి మళ్లీ చెబుతాను.

సాపేక్షతా సిద్ధాంతం తరగతిలో బుధగ్రహ కక్ష్య శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) అదనంగా తిరగడం నల్లబల్ల మీద రాబట్టినప్పుడు, అదే సమీకరణం మేము కొలిచే తారలకూ వర్తిస్తుందని గ్రహించడం నాకు గొప్ప అనుభవం. కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో తిరిగే జంటలో పెద్ద గ్రహణానికి, చిన్న గ్రహణానికి మధ్య వ్యవధి ఏళ్ల మీద మారుతుంది. ఆ మార్పు వేగంలో కొంత భాగం ఐన్‌స్టీన్ సిద్ధాంతానిది. డీఐ హెర్క్యులిస్ అనే జంటకు సిద్ధాంతం శతాబ్దానికి సుమారు 4.3 డిగ్రీలు చెప్పగా పరిశీలన ఒక్క డిగ్రీ దగ్గరే నిలిచింది. 1980వ దశకంలో గురుత్వాకర్షణ సిద్ధాంతాన్నే సవరించాలన్న వారు కూడా ఉన్నారు. 2009లో ఆ రెండు నక్షత్రాల భ్రమణాక్షాలు కక్ష్యకు బాగా ఒరిగి ఉన్నాయని వర్ణపటాల ద్వారా తేలింది. ఆ ఒరుగుదలను లెక్కలో చేర్చగానే ఐన్‌స్టీన్ సమీకరణం నిలబడింది. వర్ణపటశాస్త్రం సాపేక్షతకు సాక్ష్యం చెప్పిన ఇంత చక్కని సందర్భం నాకు మరొకటి తెలియదు.

భౌతికశాస్త్ర విభాగం తరగతులకు కూడా నేను వెళ్లి కూర్చునేవాడిని. 1952 నుంచి 1957 దాకా మన విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న సూరి భగవంతం గారి ప్రభావం ఆ పాఠాలలో స్పష్టంగా ఉండేది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, నిజాం కళాశాలలో చదివి, సి.వి. రామన్ గారి వద్ద పరిశోధన చేసిన ఆయన, సౌష్ఠవాలను (తిప్పినా ఆకారం మారని తీరులను) లెక్కించే సమూహ సిద్ధాంతాన్ని స్ఫటికాలకు, అణువులకు ఒకే పద్ధతిలో ప్రయోగించారు. స్ఫటికాన్ని ఒత్తినప్పుడు అది కాంతిని వంచే తీరు, అంటే వక్రీభవనం, ఎలా మారుతుందో చెప్పడానికి ఘనాకార వర్గపు స్ఫటికాలన్నింటికీ మూడు స్థిరాంకాలు చాలునని జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ నాటి నుంచి అనుకునేవారు. వాటిలో రెండు ఉపవర్గాలకు నాలుగు కావాలని భగవంతం గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండగా 1942లో చూపించారు. కేవలం సౌష్ఠవాన్ని శ్రద్ధగా లెక్కపెట్టడం ద్వారా, ఎన్నో ఏళ్లుగా చలామణిలో ఉన్న ఒక పట్టికను సరిదిద్దిన పని అది. వెంకటరాయుడు గారితో కలిసి ఆయన రూపొందించిన పద్ధతితోనే స్ఫటికంలో ఎన్ని కంపనాలు రామన్ వర్ణపటంలో (స్ఫటికం చెదరగొట్టిన కాంతి వర్ణపటంలో) కనిపిస్తాయో మేము అభ్యాసంగా లెక్కగట్టేవాళ్లం.

అణు వర్ణపటాల పాఠం నక్షత్రాల దగ్గరకే తిరిగి చేర్చేది. ఆర్ద్ర వంటి ఎర్రని నక్షత్రం వర్ణపటంలో టైటానియం ఆక్సైడు పట్టీలు దట్టంగా పరుచుకుని ఉంటాయి. వేడి నీలి నక్షత్రాలలో అణువులు నిలవవు గనుక ఆ పట్టీలు ఉండవు. ప్రయోగశాలలో ఆ పట్టీలను గీత గీతగా విడదీసి గుర్తించిన వారి శ్రమ లేకపోతే నక్షత్రం ఉష్ణోగ్రత గురించి మేము చెప్పగలిగింది చాలా తక్కువ. మరో నిజాం కళాశాల విద్యార్థి వైను బప్పు, అమెరికాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే కే అనే గీత వెడల్పుకు, నక్షత్రపు అసలు ప్రకాశానికి సంబంధం ఉందని చూపారు. ఒక గీత వెడల్పు కొలిచి, అసలు ప్రకాశాన్ని కనిపించే ప్రకాశంతో పోల్చి నక్షత్రం దూరం అంచనా వేయవచ్చునంటే మొదట నాకు నమ్మశక్యం కాలేదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం రంగాపూర్ మీదుగానే సాగింది. విదేశీ బృందాలు తమ పరికరాలతో గుట్ట మీదకు వచ్చాయి. ఊళ్లలో జనం తలుపులు వేసుకుని ఇళ్లలో ఉండిపోగా, మేము మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుని చుట్టూ ఉండే వెలుగు వలయమైన కరోనాను రెండు నిమిషాలకు పైగా చూశాము. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో నిలబడి సూర్యజ్వాలల వర్ణపటం చూసిన విషయం మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ గ్రహణంతో వెలుగులోకి వచ్చిన పసుపు గీతే తరువాత హీలియం మూలకానిదిగా నిర్ధారణ అయింది.

ఇక ఆర్ కేనిస్ మేజరిస్ విషయం. 2002లో కొందరు పరిశోధకులు, హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన స్థానాలను గ్రహణ సమయాలతో జోడించి, మూడవ నక్షత్రం ఉన్నదని నిర్ధారించారు. దాని ద్రవ్యరాశి సూర్యునిలో దాదాపు మూడో వంతు, కక్ష్యాకాలం సుమారు 93 సంవత్సరాలు. పరిశీలన మొదలైన 1887 నుంచి లెక్కించినా అది ఇంకా రెండు చుట్లు పూర్తి చేయలేదు. ఇటువంటి తారల విషయంలో పాత కొలతను ఎవరూ తిరిగి కొలవలేరు. అందువల్ల ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒకటే. రంగాపూర్ రాత్రుల చార్టు కాగితాలు, పరిశీలన పుస్తకాలు మీలో ఎవరి వద్ద మిగిలి ఉన్నా వాటిని స్కాన్ చేయించి విభాగానికి అందజేయండి. తేదీ, సమయం, వాడిన ఫిల్టరు స్పష్టంగా కనిపించే పేజీలను ముందుగా పంపండి.