షిప్పులో గ్రావిటీ ఉంటే ఉండనీ, కానీ అది పోగలగాలి

సైన్స్ ఫిక్షన్ గేమ్ ఏది కొత్తగా మొదలెట్టినా నేను ముందు చూసేది ఒకటే, ఇంజన్ ఆపేశాక కూడా లోపల మనిషి నేల మీద నిలబడే ఉన్నాడా, ఉంటే ఎందుకు ఉన్నాడు అని. చాలా గేముల్లో దీనికి జవాబు దొరకదు. ఏ నక్షత్రానికీ దగ్గర్లో లేని చోట కూడా మన హీరో కారిడార్‌లో టకటకా నడిచేస్తుంటాడు, కప్పులో కాఫీ కప్పులోనే ఉంటుంది, టేబుల్ మీద కాగితం టేబుల్ మీదే ఉంటుంది. ఆర్టిఫిషియల్ గ్రావిటీ అని ఒక మాట అనేసి ఊరుకుంటారు.

నాకు ఆర్టిఫిషియల్ గ్రావిటీతో పేచీ లేదు. నేల కింద ఏదో ప్లేటు ఉంది, అది లాగుతుంది అంటే సరే అంటాను, కాంతి కంటే స్పీడుగా వెళ్లే షిప్పుని ఒప్పుకున్నవాణ్ణి దీని దగ్గర ఆగిపోతానా. నా బాధల్లా ఆ గ్రావిటీ ఎప్పటికీ పోకపోవడం. షిప్పు సగానికి విరిగినా, రియాక్టర్ పేలినా, లైట్లు ఆరిపోయినా గ్రావిటీ మాత్రం అలాగే ఉంటుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కరెంటు పోయాకే కదా మోటారు, పైన ట్యాంకు, ఫ్రిజ్, సెల్ టవర్, ఏటీఎం, ఎన్ని దాని మీద బతుకుతున్నాయో తెలిసింది. గేమ్‌లో గ్రావిటీ కూడా అలాగే ఉండాలి, అది పోయాక షిప్పు ఎలా పనిచేస్తోందో మనకి అర్థమవ్వాలి.

డెడ్ స్పేస్ అనే హారర్ గేమ్ ఈ పని 2008లోనే చేసి చూపించింది. ఇషిమురా అని పెద్ద మైనింగ్ షిప్పు, మనం ఐజాక్ అనే ఇంజనీర్, అంటే పాడైనవన్నీ బాగుచెయ్యడమే మన పని. అందులో గ్రావిటీ ఉన్న గదులుంటాయి, లేని గదులుంటాయి, కొన్నిచోట్ల గ్రావిటీ ప్యానెల్ పాడై ఉంటుంది, దాని మీద అడుగేస్తే ప్రాణం పోతుంది. అంటే ఆ షిప్పులో గ్రావిటీ అనేది ఒక మెషిన్, మెషిన్ కాబట్టి పాడవుతుంది, పాడైతే మనిషిని చంపుతుంది. ఈ ఒక్క ఆలోచన కోసం ఆ గేమ్‌ని నేను నెత్తిన పెట్టుకుంటాను. మొదటి గేమ్‌లో ఐజాక్ జీరో గ్రావిటీలో ఎగరలేడు, ఒక గోడ మీద నుంచి ఇంకో గోడకి దూకి అక్కడ బూట్లతో అతుక్కుంటాడు, అంతే. 2011లో వచ్చిన రెండో గేమ్‌లో సూట్‌కి థ్రస్టర్లు, అంటే మనిషిని నెట్టే చిన్న జెట్లు పెట్టి ఎటు కావాలంటే అటు వెళ్లనిచ్చారు, 2023 రీమేక్‌లో ఇషిమురాలో కూడా అదే పెట్టారు. అందరూ కొత్తదే బాగుందంటారు, హాయిగా ఉండే మాట నిజమే, కానీ నాకు పాతదే ఎక్కువ ఇష్టం. దూకిన ప్రతిసారీ ఇందాక సీలింగ్ అనుకున్నది ఇప్పుడు నేల అయిపోతుంది, వచ్చిన తలుపు ఎటుందో ఒక క్షణం అర్థంకాదు, ఆ క్షణంలోనే వెనకాల ఏదో కదులుతుంది. దానికి తోడు గాలి లేని చోట బయటి చప్పుళ్లన్నీ మూగబోయి మన ఊపిరే మనకి వినిపిస్తుంటుంది.

మొన్న మా తమ్ముడు గాజువాక నుంచి వచ్చి నా సిస్టమ్‌లో స్టార్‌ఫీల్డ్ ఆడాడు. అందులో ఆల్మజెస్ట్ అని క్యాసినో స్టేషన్ ఒకటుంది, లోపల గ్రావిటీ ఉండదు, సామానంతా గాల్లో తేలుతుంటుంది. వాడు లోపలికెళ్లి ఒకణ్ణి కాల్చాడు, కాల్చగానే మా తమ్ముడే వెనక్కి జరిగిపోయాడు. "ఏటన్నయ్యా ఇది, నేను కాలిస్తే నేనే పోతన్నాను" అన్నాడు. న్యూటన్ మూడో సూత్రంరా, స్కూల్లో బట్టీ పట్టావు కదా అన్నాను. ఇంక అక్కణ్ణుంచి వాడు శత్రువుల్ని వదిలేసి గోడకి ఎదురుగా కాలుస్తూ ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు, అన్నం తిందాం రారా అంటే రాడు. అదొక్క గదే వాడికి గుర్తుండిపోయింది, మిగతా గేమ్‌లో షిప్పుల్లో చాలావరకు నేల మీద నడకే కదా.

అసలు సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఐఎస్ఎస్, అంటే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో, అక్కడ భూమి లాగే బలం ఇక్కడి దాంట్లో ఇంకా 90 శాతం దాకా ఉంటుంది. గ్రావిటీ లేక తేలడం లేదు వాళ్లు, స్టేషనూ మనుషులూ కలిసి భూమి చుట్టూ పడిపోతూనే ఉన్నారు, సెకనుకి 7 కిలోమీటర్ల పైచిలుకు పక్కకి వెళ్తున్నారు కాబట్టి నేలని తాకరు, అంతే. 2025లో శుభాంశు శుక్లా అక్కడికి వెళ్లొచ్చాక ఇది మన ఇళ్లల్లో కూడా మాట్లాడుకునే విషయమైంది, నాకు చాలా సంతోషంగా ఉంది. గగన్‌యాన్ క్యాప్సూల్‌ని సముద్రంలోంచి నేవీ షిప్పులోకి ఎలా లాక్కోవాలో 2024 డిసెంబర్‌లో ట్రయల్ చేసింది కూడా మన వైజాగ్ తీరంలోనే.

కానీ గేముల్లో తేలడం అంటే తేలడమే, దాని వెనకున్న బతుకు చూపించరు. అక్కడ వేడి గాలి పైకి లేవదు కాబట్టి మంట గుండ్రంగా ఉంటుంది, ఫ్యాన్లు తిప్పకపోతే నిద్రపోయిన మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ వాడి మొహం చుట్టూనే ఉండిపోతుంది. రక్తం, నీరు తల వైపు జరిగి మొహం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి. రోజుకి దాదాపు 2 గంటలు కసరత్తు చెయ్యాలి, లేకపోతే బరువు మోసే ఎముకలు నెలకి 1 శాతం పైనే అరుగుతాయి. నాకు బాగా నచ్చిన విషయం పాదాల సంగతి. నడక ఉండదు కాబట్టి అరికాలి చర్మం మెత్తబడి ఊడిపోతుంది, కడ్డీల కింద పాదాలు దూర్చి నిలబడతారు కాబట్టి పాదం పైభాగం గట్టిపడి గరుకెక్కుతుంది. ఆర్నెల్లు అంతరిక్షంలో ఉన్న క్యారెక్టర్‌కి ఇలాంటి పాదాలు పెట్టిన గేమ్ నేను ఇంతవరకు చూళ్లేదు, ఎవరైనా పెడితే మాత్రం మొదటిరోజే కొంటాను.

గేములు చేసేవాళ్ల కష్టం కూడా ఉందిలెండి. నేల ఉంటే శత్రువు ఎక్కడ నడవాలో నేల మీద ఒక మ్యాప్ గీసేస్తారు, నేల తీసేస్తే వాడు గదిలో ఏ మూల నుంచైనా రావాలి, తలకిందులుగా కూడా రావాలి, నడక కోసం చేసిన యానిమేషన్లన్నీ పక్కన పడెయ్యాలి. ఆడేవాడికి కళ్లు తిరుగుతాయి. 1995లో డిసెంట్ అని వచ్చింది, పూర్తిగా ఆరు దిక్కులా తిరగాలి, అది ఆడి కడుపులో తిప్పేసి వదిలేసినవాళ్లు చాలామంది. లోన్ ఎకో (2017, కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వీఆర్ గేమ్) దీనికి మంచి దారి కనిపెట్టింది, బటన్ నొక్కి కదలడం కాకుండా మన రెండు చేతులతో కడ్డీ పట్టుకుని లాక్కుని వదలాలి, నిజం ఆస్ట్రోనాట్లు చేసేదీ అదే. చేతికి పని దొరికేసరికి తల తిరగడం చాలా తగ్గింది, నా మటుకు నాకు.

ఇంకో మాట, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలోకి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు, వంగి దూరే గుండ్రటి తలుపులు, ఒకదాని మీదొకటి పడకలు, చెయ్యెత్తితే ఏదో ఒక పైపో వాల్వో తగులుతుంది. గాలి కూడా లెక్కపెట్టుకుని వాడే బండి అంటే అలాగే ఉంటుంది. గేముల్లో షిప్పులేమో ఇంత ఎత్తు సీలింగులు, వెడల్పు హాళ్లు, ఆ పైనున్న ఖాళీ అంతా వృథా. గ్రావిటీ లేకపోతే ఆ సీలింగ్ కూడా వాడుకోవచ్చు కదా, ప్రే (2017) అనే గేమ్‌లో స్టేషన్ మధ్యలోంచి పోయే జీరో గ్రావిటీ సొరంగం పెట్టింది అందుకే, సరుకులు తేలిగ్గా జరపడానికి. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక తిప్పి పుట్టించే గ్రావిటీ, నా అసలు ప్రేమ ఇదే. ఇందులో మంత్రం ఏమీ లేదు, చక్రంలా తిప్పితే లోపలి మనిషి అంచుకి నొక్కుకుంటాడు. కాకపోతే సైజు కావాలి. నిమిషానికి 2 చుట్లు తిరుగుతూ భూమి మీదున్నంత బరువు రావాలంటే రేడియస్ 224 మీటర్లు ఉండాలి. అదే 10 మీటర్ల రేడియస్ ఉన్న చిన్న షిప్పైతే నిమిషానికి 9 చుట్ల పైనే తిప్పాలి, పైగా నిలబడితే పాదాల దగ్గరున్న బరువు కంటే తల దగ్గర 17 శాతం తక్కువ, తల తిప్పితే వాంతే. 1966లో నాసా జెమిని 11 షిప్పులోని వ్యోమగాములు అజీనా రాకెట్‌కి తాడు కట్టి మెల్లగా తిప్పి రవ్వంత గ్రావిటీ పుట్టించారు కూడా, మనుషులున్న షిప్పుతో చేశారు.

ఇప్పుడు గేమ్‌కి పనికొచ్చేది చెప్తాను. 56 మీటర్ల రేడియస్ చక్రం, నిమిషానికి 4 చుట్లు అనుకోండి, అంచు సెకనుకి 23 మీటర్ల పైన కదులుతుంటుంది. అందులో చక్రం తిరిగే వైపు సెకనుకి 5 మీటర్ల చొప్పున పరిగెత్తితే మన బరువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, ఎదురు వైపు పరిగెత్తితే 0.6 రెట్లకి పడిపోతుంది. ఒకే కారిడార్, ఒక వైపు పారిపోతే కాళ్లు బరువెక్కుతాయి, ఇంకో వైపు పారిపోతే ఒక్క గెంతుకి ఎక్కడికో పోతాం. గ్రెనేడ్ విసిరితే సూటిగా పోదు, వంపు తిరుగుతుంది. అక్కడే పుట్టి పెరిగిన శత్రువుకి ఆ వంపు అలవాటు, మనకి కాదు. ఇంతకంటే మంచి లెవెల్ డిజైన్ ఫిజిక్సే ఫ్రీగా ఇస్తుంటే మాస్ ఎఫెక్ట్ గేమ్‌లో సిటాడెల్ లాంటి తిరిగే మహానగరం పెట్టుకుని కూడా దాన్ని మామూలు షాపింగ్ కాంప్లెక్స్‌లా నడిపించారు, నాకు అది ఇప్పటికీ బాధే.

తిరగడాన్ని నిజంగా చేతికిచ్చినవాళ్లు ఎలీట్ అనే స్పేస్ గేమ్ చేసినవాళ్లు. 1984లో 32 కేబీ మెమరీ ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌లోనే కొరియోలిస్ అనే స్పేస్ స్టేషన్ తిరుగుతూ ఉండేది, దాంతో సమానంగా మనం కూడా తిరుగుతూ సన్నటి సందులోంచి లోపలికి వెళ్లాలి. 2014లో వచ్చిన ఎలీట్ డేంజరస్‌లో కూడా అదే సందు, అందరూ మెయిల్ స్లాట్ అంటారు. లోపలికి వెళ్లాక దిగాల్సిన ప్యాడ్ కూడా స్టేషన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే షిప్పు కంప్యూటర్ మనల్ని కూడా దాంతో పాటు తిప్పేస్తుంది కాబట్టి మనకి తెలీదు. ఆడేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒకసారి సెట్టింగ్స్‌లో అలా తిప్పే రొటేషనల్ కరెక్షన్ ఆపేసి దిగడానికి ప్రయత్నించండి, ప్యాడ్ మీ కింద నుంచి మెల్లగా పక్కకి జారిపోతుంటుంది. చిన్న షిప్పుతో మొదలెట్టండి, షిప్పు పేలిపోతే గేమ్‌లో కట్టాల్సిన ఇన్సూరెన్స్ డబ్బులు మిగుల్చుకుని మరీ.