హాబీలు: ఇతరములు

పదకొండున్నర అవుతోంది. వీడు పడుకున్నాడు, ఆయన గురక అందుకుంది, అత్తయ్యగారి గదిలో టీవీ ఇప్పుడే ఆగింది. నాకే ఆ ఎర్రచుక్క కళ్ళముందు నుంచి పోవట్లేదు.

ఎర్రచుక్కంటే, ఫారంలో నింపి తీరాల్సిన గడి పక్కన పెడతారే, అది. పొద్దున రెండో పీరియడ్ మధ్యలో గ్రూపులో వచ్చి పడింది. "టీచర్ ప్రొఫైల్. సాయంత్రం ఐదులోగా. మోస్ట్ అర్జెంట్." మోస్ట్ అర్జెంట్ కానిది ఈ మధ్య ఏదొచ్చింది గనక. పేరు, ట్రెజరీ ఐడీ, సర్వీసులో చేరిన తేదీ, బ్లడ్ గ్రూపు, ఇవన్నీ అయ్యాక రెండు గడులు. ఒకటి, "మీ విద్యా తత్వం (100 పదాలు మించకుండా)". రెండోది, "హాబీలు (కనీసం రెండు)". తత్వం వంద దాటకూడదట, హాబీలు రెండుకి తగ్గకూడదట.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఇదే రామాయణం. హిందీ మేడమ్ ఫోన్‌లో ఏఐని అడిగి ఒక పేరా తెప్పించారు. "విద్యార్థి కేంద్రిత బోధన", "సర్వతోముఖాభివృద్ధి", అన్నీ ఉన్నాయి. అన్నాల వేళకి అదే పేరా ఏడుగురి ఫోన్లలోకి చేరింది. ఏడుగురికీ ఒకే తత్వం! బయాలజీ మేడమ్ ఒక్కరే నిజాయితీగా ఒక కామా తీసేశారు. హాబీలకి అయితే రాసే పని కూడా లేదు, నొక్కితే వరసగా దిగుతాయి: పుస్తక పఠనం, సంగీతం, తోటపని, క్రీడలు, ప్రయాణాలు, ఇతరములు. సోషల్ మాస్టారు "పుస్తక పఠనం" నొక్కారు. ఆయన చదవగా నేను చూసినవి డీఏ బకాయిల జీవోలే. పీఈటీ సారు మాత్రం ఫోన్ పట్టుకుని పాపం చాలాసేపు కూర్చున్నారు. "ఆటలు నాకు ఉద్యోగం కదా మేడమ్, హాబీ ఎలా అవుతుంది?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

టీచరు సాయంత్రం పూట ఏం చేసుకుంటే ఎవరిక్కావాలి, పాఠం వచ్చా రాదా చూసుకోండి అని అక్కడే గట్టిగా అనేశాను కూడా. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే కాలవగట్టు మాస్టారు గుర్తొచ్చారు. నా మాట నాకే తప్పనిపించింది.

ఆయన మాకు తొమ్మిదిలో, పదిలో సైన్సు చెప్పారు. అసలు పేరు ఊళ్ళో చాలామందికి తెలీదు. ఆదివారం తెల్లారేసరికి మా కాలవగట్టున తుమ్మచెట్టు కింద ఉండేవారు. వెదురు గాలం, దానికో బెండు, కొబ్బరిచిప్పలో తడిమట్టి, ఆ మట్టిలో వానపాములు. పడేవి జెల్లలు, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే కొరమీను. వేసవిలో కాలవ కట్టేస్తే ఆయనకి కాలూ చెయ్యీ ఆడేది కాదు, ఎండిన కాలవ దాకా వెళ్ళి చూసి వచ్చేవారు. నేను బిందె పట్టుకుని రేవులోకి దిగితే చెయ్యెత్తి ఆగమనేవారు, నీళ్ళు కదిలితే చేప పోతుందని. అలా ఆగిన ఒక పొద్దున తీగ మీంచి లకుముకిపిట్ట సూటిగా నీళ్ళలోకి పడి ముక్కున చేపతో లేచింది. మాస్టారు బెండు మీంచి చూపు తిప్పకుండానే అడిగారు. "చేప ఉన్నచోట కనపడదు కదమ్మా, పైకి కనపడుతుంది. నాలుగడుగుల లోతున్నది మూడడుగుల్లోనే ఉన్నట్టుంటుంది. మరి ఆ పిట్టకి నాలుగు బై మూడు ఎవరు చెప్పారు?"

నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగడం, అదే వక్రీభవనం, నాకు అప్పుడు తెలిసింది, బిందె నడుముకి ఆనించుకుని. పుస్తకంలో ఆ పాఠం వచ్చేసరికి అది నాకు ముందే తెలిసిన సంగతి. తర్వాత బీఈడీలో రూసో, ఫ్రోబెల్, డ్యూయీ అని విద్యా తత్వవేత్తల్ని బట్టీ కొట్టాను. డీఎస్సీకి విద్యా దృక్పథాల బిట్లు చేశాను. కిండర్‌గార్టెన్ అంటే ఫ్రోబెల్, 1937 అంటే వార్ధా, టిక్కు, టిక్కు. ఆ పిట్ట ప్రశ్నకి సాటి వచ్చేది వాటిలో ఒక్కటీ కనపడలేదు. అంటే మాస్టారి తత్వం హాబీ గడిలోనే ఉంది కదా, ఇదే ఇక్కడ రాద్దామని కూర్చున్నాను అసలు.

రాస్తుంటే ఆ వానపాములు ఎవరు తెచ్చేవారో గుర్తొచ్చింది.

మా క్లాసు వాడే, ఆఖరి బెంచీ. బురదలో ఎక్కడ తవ్వాలో, ఏ పూట ఏ చేప ఎక్కడ తిరుగుతుందో వాడికి తెలుసు. మాస్టారి గాలానికి బెండు కట్టి ఇచ్చింది కూడా వాడే. ఒక సోమవారం ఆర్కిమెడిస్ సూత్రం అప్పజెప్పమన్నారు. వాడికి ముక్క రాలేదు. బెండు మునగడం కోసం మూడుగంటలు కదలకుండా కూర్చునే మనిషి వాడికి మూడు నిమిషాలు ఇవ్వలేకపోయారు. చింతబరికె విరిగింది. పిల్లల్ని కొట్టకూడదని 2009లో వచ్చిన చట్టం అప్పటికి లేదు, ఉన్నా మా ఊరిదాకా వచ్చేదా అంటే ఏమో. వాడు పరీక్షల దాకా ఆగలేదు. కొన్నాళ్ళకి కువైట్ వెళ్ళాడన్నారు.

వానపాములు మాత్రం తర్వాత ఆదివారం కూడా వాడే తెచ్చాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది.

కాబట్టి ఇందాక రాసింది కొట్టేద్దామనుకున్నాను. మళ్ళీ ఉంచేశాను. పిట్ట ప్రశ్న అడిగినవారూ, బరికె విరిచినవారూ ఆయనే. ఏది తత్వం, ఏది హాబీ నేను తేల్చలేను.

ఇక నా హాబీ సంగతి. "ఇతరములు" నొక్కి "లేసు అల్లిక" అని కొట్టాను. చేతులు ఊరికే ఉండవు నాకు, మీకు తెలిసిందేగా, ఇన్విజిలేషన్‌లో కూడా సూది పట్టుకోవాలనిపిస్తుంది. కొట్టాక అమ్మకి ఫోన్ చేశాను. మా నరసాపురం చుట్టుపక్కల లేసు ఎవరికీ హాబీ కాదు. నూటయాభై ఏళ్ళ పైనుంచీ ఆడవాళ్ళు అరుగుల మీద అల్లుతూనే ఉన్నారు. దారం ఇచ్చి వెళ్ళేవాడొకడు, అల్లింది పట్టుకెళ్ళేవాడొకడు, ఆ లేసు ఏ దేశం వెళ్తుందో అల్లినవాళ్ళకి తెలీదు. 2024లో ఈ లేసు ఈ ప్రాంతానిదేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో ఫోటోలు వేశారు. మా అమ్మ కళ్ళజోడు నంబరు అంతకుముందే పెరిగింది. నా టెన్త్ పరీక్ష ఫీజు ఆ దారంలోంచే వచ్చింది. వార్ధాలో గాంధీగారు చదువు చేతిపని చుట్టూ తిరగాలన్నారని టిక్కు పెట్టేటప్పుడు పక్క అరుగు మీద అమ్మ అల్లుతూనే ఉంది, నాకు తట్టనే లేదు.

"హాబీ అంటే ఏంటే?" అంది అమ్మ.

"తోచక చేసుకునేదమ్మా."

"అలా రాయకే తల్లీ. తోచక చేశామంటే కూలి ఎగ్గొడతారు."

పీఈటీ సారు మాటకి మధ్యాహ్నం ఎందుకు నవ్వానో. లేసు చెరిపేశాను. ఐదయ్యాక గ్రూపులో "నింపనివారి జాబితా" వచ్చింది, మా బడి నుంచి నేనూ పీఈటీ సారూ. ఆయన ఆరింటికి "తోటపని" అని పెట్టేశారట. ఉండేది మూడో అంతస్తులో.

ఇంతకీ నన్ను పడుకోనివ్వనిది ఫారం కాదనుకుంటా. ఆ రెండో పీరియడ్ పదో తరగతి. స్టీలు గిన్నెలో రూపాయి బిళ్ళ వేసి, అది కనపడనంత వెనక్కి పిల్లల్ని నిలబెట్టి నీళ్ళు పోశాను. "వచ్చింది మేడమ్!" అని ఒకటే గోల. ఎన్నేళ్ళు చేసినా ఆ గోల నాకు కొత్తే. అప్పుడు మూడో బెంచీ పిల్ల లేచింది. "మేడమ్, మరి చేపకి మనం ఎక్కడ కనిపిస్తాం?"

అప్పుడే ఫోన్ మోగింది, హెడ్‌మాస్టారు, ఫారం చూశారా అని. "రేపు చెప్తా, కూర్చోమ్మా" అన్నాను. కూర్చుంది.

ఎత్తుగా కనిపిస్తాం. లెక్క తిరగబడుతుంది. నీళ్ళలోంచి నిటారుగా పైకి చూసే చేపకి మూడడుగుల ఎత్తులో ఉన్న ముఖం నాలుగడుగుల మీద ఉన్నట్టుంటుంది. రేపు ఆ పీరియడ్‌లో స్లిప్ టెస్టు ఉంది, అయినా ముందు ఇదే. గిన్నె బ్యాగులో పెట్టుకున్నాను. రూపాయి బిళ్ళ క్లాసులోనే ఎవడో నొక్కేశాడు, వీడి హుండీలోంచి ఒకటి తీయాలి, చప్పుడు కాకుండా.