బిడ్డ లక్నవరం పోయింది

"అమ్మా, పడవ తిరగబడితే వదిలేసి ఈదొద్దట. దాన్నే పట్టుకొని ఉండాలట, అది మునగదు."

హన్మకొండలో బస్సెక్కి కిటికీలోంచి మా బిడ్డ నాకు చెప్పిన ధైర్యం ఇది. తిరగబడే సంగతి నేను అసలు అడగనే లేదు!

సమ్మర్ క్యాంపు. పగలు లక్నవరం చెరువులో కనూ అనే సన్నటి తెడ్డు పడవ నడపడం, రాత్రి టెంట్లలో పడుకోవడం. గాలి లేవకముందే, పొద్దున్నే నీళ్లలోకి దిగుతారట. లైఫ్ జాకెట్ విప్పితే ఆ రోజుకి తెడ్డు ఇవ్వరట. ఆ ఒక్క రూల్ నాకు బాగా నచ్చింది.

ఫోన్ తీసుకెళ్లనివ్వలేదు. అత్తమ్మ ఇచ్చిన సకినాల డబ్బా మాత్రం బ్యాగులో బట్టల కంటే పైన ఉంది.

"కాకతీయుల కాలం చెరువు, ఏం కాదులే" అంటాడు మా ఆయన. నా టెన్షన్ చెరువు గురించా? పదో తరగతి పరీక్షలకు రోజూ నేను లేపితే తప్ప లేవని పిల్ల, ఇప్పుడు తెల్లవారకముందే తనంతట తాను లేచి తెడ్డు పట్టుకుంటుందంటే కాస్త సంతోషం, కాస్త కోపం కూడా. ఇంట్లో ఎందుకు లేవదు మరి?

చిన్నోడు అప్పుడే అక్క మంచం ఆక్రమించాడు. అది తిరిగొచ్చాక ఆ పంచాయితీ నాదే.