చెప్పకుండా ఆగాను
దారానికి నట్టు కట్టి ఊపుతూ పాప అడిగింది, "నాన్నా, బరువు పెంచితే తొందరగా ఊగుతుందా?" జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "ఇంకో నట్టు కూడా అక్కడే కట్టి చూడు" అన్నానంతే.

పది ఊపులకు పట్టే టైమ్ మారలేదు. మొహం చిన్నబోయింది.

"బరువు కాకపోతే ఇంకేం మార్చొచ్చు?"

చాలాసేపు దారం వంకే చూసింది. తర్వాత మెల్లగా వేలికి చుట్టి పొట్టి చేసింది. మీటరు దారంతో పది ఊపులకు దాదాపు 20 సెకన్లు పట్టింది. పావు మీటరుకి 10! "టైమ్ సగమవ్వాలంటే దారం సగం కాదు నాన్నా, పావు చెయ్యాలి!" ఆ గొంతులో సంబరం చూడాలి.

ఇలా ఊగే లోలకానికి పట్టే టైమ్ దారం పొడవు వర్గమూలాన్ని బట్టి మారుతుందన్న సూత్రాన్ని చిన్నప్పుడు బట్టీ పట్టాను. కళ్లారా చూసింది ఇవాళే. 5 సెకన్లకు దారం ఎంతుండాలో పాప ఇంకా లెక్కేస్తూనే ఉంది.