థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచరు: జీతం కన్నా ముందు వర్క్ పర్మిట్ సంగతి అడగండి

థాయ్ బడుల్లో కొత్త విద్యా సంవత్సరం మే మధ్యలో మొదలవుతుంది. రెండో టర్ము నవంబరు మొదట్లో. అందుకే టీచర్ల కోసం వెతుకులాట మార్చి, ఏప్రిల్‌లో, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరులో జోరుగా సాగుతుంది. ప్రకటనల్లో జీతమే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది గానీ వీసా, టీచింగ్ అనుమతి, వర్క్ పర్మిట్ మూడూ బడి ఇచ్చే కాగితాల మీదే నడుస్తాయి. బడి ఆఫీసు బద్ధకిస్తే మీ డిగ్రీ ఎంత గొప్పదైనా ఫైలు కదలదు. ఇంటర్వ్యూలో మొదట అడగాల్సింది ఇదే: ఇప్పుడున్న విదేశీ టీచర్లందరికీ వర్క్ పర్మిట్ ఉందా, తీయించేది బడా, ఏజెన్సీయా? నీళ్లు నమిలితే ఆ ఉద్యోగం వదిలేయండి.

దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పాస్‌పోర్టులకే. థాయ్‌లాండ్‌లో అలాంటి జాబితా చట్టంలో లేదు. ‘నేటివ్ స్పీకర్ కావాలి’ అన్నది బడి యాజమాన్యం, తల్లిదండ్రుల అభిరుచి మాత్రమే. మనవాళ్లను సాధారణంగా డిగ్రీతో పాటు ఇంగ్లీషు పరీక్షలైన టోయిక్‌లో 600 మార్కులో, ఐఈఎల్‌టీఎస్ స్కోరో అడుగుతారు. బీఎడ్ ఉంటే మరీ మంచిది. లేకపోతే టీచర్లకు అనుమతులిచ్చే గురు మండలి ‘ఖురుసఫా’ దగ్గర బడి రెండేళ్ల తాత్కాలిక అనుమతికి దరఖాస్తు పెట్టాలి.

డిగ్రీకి రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, తర్వాత మన విదేశాంగ శాఖది, ఆపైన థాయ్ రాయబార కార్యాలయం ముద్ర. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా వస్తుంది. మార్కుల జాబితాలతో సహా అన్నీ ఒరిజినల్స్ దగ్గరుంచుకోండి.

తెలుగువాళ్లకు ఎక్కువగా అడ్డం తిరిగేది పేరు. డిగ్రీ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది. కొన్ని పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడే ఖాళీ. అక్కడి గుమస్తాకు అవి ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లు. బయల్దేరే ముందే రెండూ ఒకరివేనని అఫిడవిట్ చేయించుకుని, దాన్నీ అటెస్ట్ చేయించాలి. అక్కడికి చేరాక మీ పేరును థాయ్ లిపిలో రాస్తారు. మొదటిసారి రాసిన అక్షరక్రమాన్ని ఫోటో తీసి పెట్టుకుని బ్యాంకులోనూ, వర్క్ పర్మిట్‌లోనూ అదే వాడించండి. లేదంటే ఆఫీసుకో కొత్త పేరు పుడుతుంది.

బడి పంపిన లేఖలతో ఉద్యోగానికిచ్చే నాన్ ఇమిగ్రెంట్ బీ వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఆ వీసా మీద మొదట దొరికేది 90 రోజులు. ఆలోగా మెడికల్ సర్టిఫికెట్ (క్షయ, కుష్ఠు, సిఫిలిస్ లాంటివి లేవని), వర్క్ పర్మిట్, ఏడాది పొడిగింపు పూర్తి కావాలి. ‘ముందు టూరిస్టుగా వచ్చి చేరండి, తర్వాత చూద్దాం’ అనే ఏజెంట్లు చాలామంది. పర్మిట్ లేకుండా పాఠం చెబుతూ దొరికితే 5,000 నుంచి 50,000 బాట్ జరిమానా, దేశ బహిష్కరణ, ఆపై రెండేళ్లు పర్మిట్ రాదు. ఏజెంటు తన ఆఫీసులో తాను కూర్చునే ఉంటాడు.

పొడిగింపు వచ్చాక కూడా మూడు గడువులు వెంటాడతాయి. ఇల్లు చేరిన 24 గంటల్లో ఇంటి యజమాని టీఎం 30 (విదేశీయుడు తన ఇంట్లో ఉంటున్నాడని ఇమిగ్రేషన్‌కు తెలిపే ఫారం) నమోదు చేయాలి. పని ఆయనది, ఇమిగ్రేషన్‌లో ఇరుక్కునేది మీరు. రసీదు చేతికిస్తానంటేనే అడ్వాన్సు ఇవ్వండి. ప్రతి 90 రోజులకు చిరునామా రిపోర్టు చేయాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా వీలుంటుంది, మొదటిసారి స్వయంగా వెళ్లాలి. ఇక సెలవుల్లో ఇంటికి వెళ్లే ముందు రీ ఎంట్రీ పర్మిట్: ఒకసారికి 1,000, ఎన్నిసార్లయినా 3,800 బాట్. అది లేకుండా విమానం ఎక్కితే ఏడాది పొడిగింపు ఆ క్షణమే రద్దు, మళ్లీ మొదటి నుంచి వీసా.

ఉద్యోగం మానితే చివరి పని దినంతోనే ఉండే హక్కూ ముగుస్తుంది. సర్దుకోవడానికి 1,900 బాట్ కట్టి ఏడు రోజులు అడగొచ్చు. ఆ తర్వాత కూడా ఉండిపోతే రోజుకు 500 బాట్ జరిమానా. కాబట్టి రాజీనామా తేదీ కొత్త బడి కాగితాలు సిద్ధమయ్యాకే రాయాలి.

జీతం విషయంలో వివక్ష ఉంది, దాచేదేమీ లేదు. ఒకే స్టాఫ్ రూములో అమెరికా పాస్‌పోర్టుకు 35 వేల పైన, మనకూ ఫిలిప్పీన్స్ వాళ్లకూ 20 నుంచి 28 వేల బాట్ సాధారణం. చాలా ఏజెన్సీ ఒప్పందాల్లో 10 నెలలకే జీతం ఉంటుంది, ఏప్రిల్ లాంటి సెలవు నెలలు చేతినుంచి పెట్టుకోవాలి. ఇంటికి రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు. కరెంటు యూనిట్ ధర ఎంతో ఒప్పందంలో చూడండి, చాలామంది అపార్ట్‌మెంట్ యజమానులు ప్రభుత్వ ధరకు దాదాపు రెట్టింపు వేస్తారు.

ఇక తరగతి గది. ప్రభుత్వ బడిలో 40 నుంచి 50 మంది పిల్లలు, 50 నిమిషాల పీరియడ్. మనవాళ్లు ఇక్కడ గ్రామర్ పుస్తకం తెరుస్తారు. కొన్నాళ్లు ఉచ్చారణ మీద పెట్టిన శ్రమే ఎక్కువ పనికొస్తుంది, ముందు మనదీ సరిచేసుకుంటేనే.

మనం మాట చివర అచ్చు చేరుస్తాం: బస్సు, బుక్కు. థాయ్ పిల్లలు అక్కడ హల్లునే మార్చేస్తారు. వాళ్ల భాషలో మాట చివర ‘స’, ‘ల’ శబ్దాలు రావు. అందుకే బస్ ‘బట్’ అవుతుంది, ఫుట్‌బాల్ ‘ఫుట్‌బాన్’ అవుతుంది. ‘స్...’ అని సాగదీసి పలికించాలి, తర్వాత పొడవు తగ్గించాలి. మీరు అచ్చు చేర్చి పలికారంటే నలభై గొంతులు దాన్నే పట్టుకుంటాయి.

ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం. థాయ్‌లో ఊపిరి ఉన్న ‘ఫ’ (ప్+హ), లేని ‘ప’ వేర్వేరు అక్షరాలు, త, క శబ్దాలకూ అంతే. మనం పెన్, టెన్, కీ అన్నప్పుడు ఊపిరి వదలం. పిల్లల చెవికి అది పూర్తిగా మరో అక్షరం. నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని పెన్ అనండి, కాగితం ఊగాలి. ‘ట’ పలికేటప్పుడు నాలుకను మడవకుండా పై పళ్ల వెనక చిగుళ్లకు తాకించండి. ‘ఫాదర్’కు పై పళ్లు కింది పెదవిని తాకాలి. దీనికీ, పెదాలు మూసి పలికే ‘ఫ’ (ప్+హ)కూ తేడా పిల్లలకు తెలుసు, మనలో చాలామంది పట్టించుకోరు. ‘వెస్ట్’ అనే రెండు మాటల (west, vest) దగ్గర మాత్రం మనమూ వాళ్లూ ఒకే బెంచీ, రెంటినీ ఒకేలా పలుకుతాం.

‘అర్థమైందా?’ అని అడిగితే తరగతంతా ‘యెస్’ అంటుంది. దానికి విలువ లేదు. బొమ్మ చూపించమనండి, పలక మీద రాసి పైకెత్తమనండి. ఒక పీరియడ్‌కు ఎనిమిది, పది కొత్త మాటలు, ఒక వాక్యం మూస చాలు. తరగతంతా, తర్వాత వరుసలు, తర్వాత జంటలుగా పలికించాలి. తప్పు చేసిన పిల్లవాణ్ని అందరి ముందూ నిలబెడితే ఆ టర్మంతా నోరు విప్పడు.

ప్రతి కాగితం మీదా పేరు, తరగతి, నంబరు రాయించండి. పిల్లలు ముద్దుపేర్లతో తిరుగుతారు, మార్కుల పట్టిక మాత్రం నంబరు వరసలో ఉంటుంది. గ్రేడు 0 నుంచి 4 దాకా: నూటికి 80, ఆపైన వస్తే 4, 50 లోపు 0. సున్నా వచ్చినవాడు మళ్లీ పని చేసి దిద్దుకోవాలి, ఆ పని ఇవ్వాల్సింది మీరే. ఏ పనికి ఎన్ని మార్కులు పోయాయో విడివిడిగా రాసి ఉంచితే, టర్ము చివర పదిమంది వచ్చి నిలబడ్డప్పుడు ఎవరికి ఏది మళ్లీ చేయించాలో వెంటనే చెప్పగలరు. లేకపోతే అందరికీ ఒకే వర్క్‌షీటు ఇచ్చి దిద్దుతూ సెలవుల మొదటి వారం బడిలోనే గడపాలి.