ఉపాధి కూలి డబ్బులు ఎక్కడ పడ్డాయో వెతుక్కున్నాను: నా అనుభవం

డబ్బులు నిన్ననే చేతికొచ్చాయి. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

మాది గుంటూరు పక్కన పల్లె. సీజన్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తాను. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తే ఆ పనీ ఉండదు, అందుకే ఉపాధి హామీలో చేరాను. పుట్టింటి జాబ్ కార్డులోంచి పేరు తీయించి అత్తగారింటి కార్డులో ఎక్కించడం ఇబ్బంది లేకుండానే అయిపోయింది, ఎవరూ పైసా అడగలేదు. కాలవలో పూడిక తీసే పని. పొద్దున ఫోన్లో ఫొటో హాజరు, దిగిపోయేముందు ఇంకోటి. 2025-26కి మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. కానీ అది మట్టి కొలతను బట్టి ఇస్తారు. గట్టి నేల తగిలితే అంత రాదు.

మస్టర్ (హాజరు పట్టీ) మూసిన పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని చట్టం. మా గ్రూపులో అందరికీ పడ్డాయి, నాకు తప్ప. ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగితే "నీకూ పడ్డట్టే చూపిస్తోంది అక్కా" అన్నాడు. పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్తే "ఇక్కడ పడలేదు, మీ ఊళ్లోనే అడుక్కో" అన్నారు. చివరికి మండల ఆఫీసులో కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చింది. "కార్డు మీద ఏ అకౌంట్ నంబరున్నా లెక్కలేదు అక్కా. ఆధార్ ఆఖరున ఏ బ్యాంకుకు కలిపారో అందులోనే పడతాయి." 2024 జనవరి నుంచి కూలంతా ఇలాగేనట. ఈ ముక్క పనిలో చేర్చుకునేటప్పుడే చెబితే ఎవరి సొమ్ము పోయింది?

నా డబ్బులు పడింది డిగ్రీలో స్కాలర్‌షిప్ కోసం గుంటూరులో కాలేజీవాళ్లు తెరిపించిన ఖాతాలో. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోయినట్టేనట. డబ్బు లోపలికి వస్తుంది, బయటికి రాదు. మళ్లీ కేవైసీ ఇవ్వాలి.

ఆ బ్యాంకు కౌంటర్లో ఆయన నా కాగితాలు చూసి, మొహం చూడకుండానే "ఉపాధి డబ్బులా? పక్కన నిలబడు" అన్నాడు. నా వెనక వచ్చిన షాపు ఓనర్లకు పనులు చేసి పంపించాక, ఇంకు ప్యాడ్ నా ముందుకు తోశాడు. "వేలిముద్ర వెయ్యి."

"సంతకం చేస్తానండీ."

"మీకంతా వేలిముద్రేలేమ్మా, లైన్ ఆపకు."

ప్యాడ్ పక్కకు జరిపాను. ఆయన టేబుల్ మీద పెన్ను తీసుకుని ఫారం మొత్తం నేనే ఇంగ్లీషులో నింపి, కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను. ఆయన నింపాల్సిన బ్రాంచి కోడ్ గడి ఖాళీగా ఉంటే అదీ చూపించాను. లైన్లో ఎవరో నవ్వారు. దానికే కడుపు నిండింది. అయినా ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

మా అత్తగారికి ఒకటో తారీఖున నాలుగు వేల పింఛను సచివాలయం వాళ్లు గుమ్మంలోకి తెచ్చి ఇస్తారు. ఇవ్వాల్సిందే, ముసలావిడ ఎక్కడ తిరుగుతుంది! కానీ ఎండలో పార పట్టినవాళ్లు తమ కూలి కోసం బ్యాంకుల గుమ్మాలు ఎందుకెక్కాలి? సాయాన్ని పనితో ముడిపెడితే పేదలు బద్ధకస్తులు కారని పెద్దమనుషులు ఉపన్యాసాలిస్తారు. ఆ పెద్దమనుషుల జీతాలు ఎప్పుడైనా పాత ఖాతాలో పడ్డాయా?

కూలి ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఉందని కూడా తెలిసింది. అంటే వెయ్యికి అర్ధరూపాయి. నాకు అదీ లేదు, వాళ్ల లెక్కలో డబ్బు ఎప్పుడో చేరిపోయిందిగా.

కొత్తగా చేరేవాళ్లు పనికి దిగకముందే మై ఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్, అంటే ఆధార్ ఏ బ్యాంకుకు కలిసి ఉందో చూసుకోండి, ఓటీపీతో నిమిషం పని. ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ అయి ఉండాలి. వేరే బ్యాంకు కనిపిస్తే మీ ఊరి బ్యాంకులో సీడింగ్ మార్పు ఫారం ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. నేను మార్పించాను, ఈ వారం కూలి మా ఊరి బ్యాంకులోనే పడింది.