నీళ్ళలోకి దిగే మెట్లు

"సెప్టెంబరు 14న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాను. మధ్యాహ్నం నుంచి ఖాళీ. వీలైతే రా." 2023 ఆగస్టులో నాన్న వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇంతే. దాని పైన ఏడాదిన్నర కిందటి పుట్టినరోజు శుభాకాంక్షలు ఉన్నాయి. వాటికి నేను బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకున్నాను.

నాన్న ఇల్లు వదిలి వెళ్ళింది 2011లో. నాకప్పుడు ఇరవై ఒకటి. ఇంకో ఆవిడెవరో ఉందని నేనే అనుకున్నాను. అడిగితే అమ్మ అవుననలేదు, కాదనలేదు. ఎన్నడూ చూడని ఆ ఆవిడ మీద కోపం పన్నెండేళ్ళు మోశాను.

నేనుండేది జర్మనీలో, డ్యూసెల్డోర్ఫ్‌లో. ఐసీఈ రైలెక్కితే ఆమ్‌స్టర్‌డామ్ రెండున్నర గంటల లోపే. ఎమరిక్ దాటాక దేశం మారిందని బోర్డుల మీద భాష చూసి తెలుసుకోవాల్సిందే. దారి పొడవునా చదునైన పచ్చటి నేల, దాన్ని గీతలు గీసినట్టు కోసే కాలువలు. నేను మాత్రం కిటికీ కంటే ఫోన్‌నే ఎక్కువ చూశాను. అందులో ఒక లిస్టు రాసుకున్నాను మరి. అమ్మ ఆపరేషన్ నాడు ఎక్కడున్నారు? నా కాన్వొకేషన్‌కి ఎందుకు రాలేదు? అలా తొమ్మిది ప్రశ్నలు.

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ నీళ్ళ మధ్య కృత్రిమంగా వేసిన దిబ్బల మీద, వేల కలప దుంగలు దించి కట్టింది. 1889 నుంచి నిలబడే ఉంది. దాని ముందు నాన్న గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడలో టూర్ వాళ్ళిచ్చిన ట్యాగు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను పోల్చుకున్నది నడకని.

"ఎలా ఉన్నారు?" అన్నాను. చిన్నప్పటి నుంచీ ఆయన్ని నువ్వు అనే పిలిచేవాణ్ని. ఆ రోజు నోట్లోంచి మీరు అని వచ్చింది. ఆయన గమనించాడు, ఏమీ అనలేదు.

పడవ ఎక్కుదామా అంటే వద్దన్నాడు. "ఒక చోటు చూడాలి. నడుద్దాం." ఇరవై నిమిషాల దూరం. మోకాలి నొప్పి వల్ల ఆయనకి అరగంట పైనే పట్టింది. ఆ ఊళ్ళో ఎర్రటి తారు కనబడితే అది సైకిళ్ళ దారి అని ఎవరైనా ముందే చెప్పాలి. రెండుసార్లు నాన్న దాని మీదకి వెళ్ళాడు, రెండుసార్లూ జబ్బ పట్టుకుని లాగాను. పన్నెండేళ్ళలో నేను ఆయన్ని ముట్టుకోవడం అదే.

సింగెల్, హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్. ఒకదాని తర్వాత ఒకటి కాలువలు, వాటి మీద వంతెనలు. ముందుకు ఒరిగినట్టుండే సన్నటి ఇళ్ళు, పైకప్పు దగ్గర సామాను పైకి లాగే కొక్కేలు. అవన్నీ చూపిస్తూ గలగలా మాట్లాడుతున్నాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో మితభాషి. అంత టెన్షన్‌లో ఉన్నాడని నాకేం తెలుసు.

వెస్టర్‌కెర్క్ చర్చి వెనక, కైజర్స్‌గ్రాఖ్ట్ ఒడ్డున ఆగాడు. మొదట నాకేమీ కనిపించలేదు. గులాబీ రంగు గ్రానైట్‌తో మూడు త్రికోణాలు. ఒకటి నేలలోనే పరిచి ఉంది, జనం తొక్కుకుంటూ పోతున్నారు. ఒకటి కాస్త ఎత్తుగా అరుగులా ఉంది. మూడోది మెట్లు మెట్లుగా కాలువ నీళ్ళలోకి దిగుతుంది. దాని మీద ఎవరో పెట్టిన పూలు వానకి తడిసి ఉన్నాయి. మూడూ కలిపితే ఒక పెద్ద త్రికోణం.

"హోమోమాన్యుమెంట్," అన్నాడు నాన్న. "స్వలింగ ప్రేమికుల స్మారకం. 1987లో కట్టారు."

నేలలో ఉన్న త్రికోణం నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ ఇంటి వైపు, మెట్లది డామ్ స్క్వేర్‌లోని యుద్ధ స్మారకం వైపు చూపిస్తాయట. 1970లో ఆ యుద్ధ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం పెట్టబోయిన స్వలింగ ప్రేమికులని పోలీసులు పట్టుకుపోయారట. నాజీ క్యాంపుల్లో ఇలాంటివాళ్ళ చొక్కాకి కుట్టిన గుర్తు గులాబీ త్రికోణమని, యుద్ధం అయిపోయాక కూడా జర్మనీలో వాళ్ళని నేరస్థులుగానే చూశారని, ఆ 175వ సెక్షన్ పూర్తిగా పోయింది 1994లోనని చెప్పుకుపోతున్నాడు. ఏడేళ్ళుగా ఆ దేశంలో ఉంటున్నా నాకు ఇవేవీ తెలియదు. ఇవన్నీ ఈయనెందుకు కంఠతా పట్టాడా అనుకున్నాను. అప్పుడు కూడా తట్టలేదు.

మెట్ల మీద గొడుగు కింద కూర్చున్నాం.

"2001 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటగానే ఈ ఊళ్ళో అలాంటి నాలుగు జంటలకి పెళ్ళి చేశారు. ప్రపంచంలో చట్టప్రకారం మొదటివి. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. నువ్వు నా పక్కన హోంవర్క్ చేసుకుంటున్నావు. అప్పుడనుకున్నాను, ఎప్పటికైనా ఇక్కడికి రావాలని." కాసేపు ఆగాడు. "నేను గే, నాన్నా."

మా ఇంట్లో ముద్దు వస్తే నన్ను నాన్నా అనే పిలిచేవాడు.

"తెలుగులో చెప్పాలనుకున్నాను," అన్నాడు. "పేపర్లు స్వలింగ సంపర్కులు అని రాస్తాయి. నలభై ఏళ్ళుగా ఆ మాట చదువుతున్నాను. అందులో నేను లేను."

ఫోన్‌లో రాసుకున్న తొమ్మిది ప్రశ్నల్లో ఒక్కటీ పనికిరాలేదు. "అమ్మకి తెలుసా?" అన్నాను.

తెలుసట. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు రాత్రి, అమ్మకి ఫోన్ చేసి చెప్పాడట. వాడికి నువ్వే చెప్పు, నేను చెప్పను అందట అమ్మ. అయిదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుని నాతో రోజూ ఫోన్‌లో మాట్లాడింది.

తర్వాత ఆయన చెప్పింది అంతా తేదీల లెక్కే. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు అలాంటి తీర్పే ఇవ్వడం చూసి ధైర్యం వచ్చింది, రెండేళ్ళకి ఇల్లు వదిలాడు. నాకు ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 377వ సెక్షన్ మళ్ళీ నెత్తి మీదకొచ్చింది, యావజ్జీవం దాకా వేయగల సెక్షన్. ఉత్తరం చింపేశాడు.

వింటుంటే జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ లెక్క పూర్తి కాలేదు.

"2018లో తీర్పు వచ్చేసింది కదా. తర్వాత అయిదేళ్ళు ఏం చేశావు? గే అయితే కొడుక్కి ఫోన్ చేయకూడదని ఏ సెక్షన్‌లో ఉంది?" గట్టిగానే అన్నట్టున్నాను. పూల పక్కన నిలబడ్డ ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది.

ఆయన తల వంచుకున్నాడు. "లేదు," అన్నాడు. "దానికి నా దగ్గర సమాధానం లేదురా. సిగ్గుపడ్డాను. ఆలస్యమయ్యే కొద్దీ ఇంకా సిగ్గేసింది."

ఏదైనా సాకు చెప్పి ఉంటే లేచి వెళ్ళిపోయేవాణ్నేమో. అక్కడే కూర్చున్నాం. కింద నుంచి పడవ వెళ్తే అలలు చివరి మెట్టుకి కొట్టుకున్నాయి. నీకంటూ ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఉండేవాడు, పోయాడు అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అది ఇంకో రోజుకి.

ఆరింటికి టూర్ బస్సు దగ్గరుండాలని కంగారుపడ్డాడు. ఈసారి ఎర్ర తారు వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆయనే పట్టుకున్నాడు.

రైలు ఉట్రెక్ట్ దాటుతుండగా ఫోన్ మోగింది. మెసేజ్ కాదు, కాల్.

"నీ మఫ్లరు నా సంచిలో ఉండిపోయింది. ఎలా పంపను?"

"పంపకు. చలిగా ఉంది, నువ్వు వేసుకో," అన్నాను.